రంగుల టెస్ట్‌లో తడబడటం లోపం కాదు

మాటను చదవకుండా అది ఏ రంగులో ఉందో చెప్పాల్సిన రంగుల టెస్ట్‌ని ఫోన్‌లో చేస్తుంటే, నీలం రంగులో రాసిన 'ఎరుపు' అనే మాట దగ్గర ప్రతిసారీ తడబడుతున్నానని, ఏకాగ్రత పోయిందేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. దయచేసి కంగారు పడకండి. చదవడం బాగా వచ్చిన దాదాపు అందరికీ ఇలాగే అవుతుంది. 1935లో అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ రిడ్లీ స్ట్రూప్ ప్రచురించిన ప్రయోగాల్లో కనిపించింది ఇదే.

చదవడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, వద్దనుకున్నా మాట అర్థం ముందే తలకెక్కేస్తుంది. రంగు పేరు చెప్పడం దానికంటే నెమ్మది. ఇలా రెండు జవాబులు పోటీ పడినప్పుడు మెదడులోని యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగం ఆ ఘర్షణను పసిగడుతుందని, నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మన దృష్టిని కావలసిన దానివైపు మళ్లిస్తుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఆ పనికి పట్టే సమయమే మీకు తడబాటుగా తెలుస్తోంది. అదే మాటను మీకు చదవడం రాని లిపిలో పెట్టి చూడండి, ఇబ్బంది దాదాపు మాయమవుతుంది.

సాధన చేస్తే ఆ టెస్ట్‌లో వేగం పెరుగుతుంది. దాంతో మిగతా పనుల్లో కూడా ఏకాగ్రత పెరుగుతుందని మాత్రం నేను చెప్పను. నిద్ర చాలని రోజు వచ్చిన స్కోరు చూసి అసలే బాధపడకండి. చదువులో, ఉద్యోగంలో, బండి నడిపేటప్పుడు దృష్టి నిలవక చాలాకాలంగా ఇబ్బంది పడుతుంటే డాక్టర్‌ని కలవండి, ఫోన్ స్కోరుతో మీకు మీరే తేల్చుకోకండి.