తొమ్మిది వేల టెస్టు కన్నా మీవారి మాత్ర మేలు

ప్రశ్న: డాక్టరుగారూ, మాది రాజోలు దగ్గర ఊరు, పేరు వేయకండి. మావారికి హెచ్‌ఐవీ అని తేలి ఎనిమిదేళ్లయింది, మందులు వాడుతున్నారు. నాకు ఎన్నిసార్లు చేసినా లేదనే వస్తోంది. మా మేనల్లుడు ఫోన్‌లో చదివి, ‘అత్తా, నీ కణాల మీద ఏదో రిసెప్టర్ ఉండదు, నీకిక రాదు’ అంటున్నాడు. జీన్ టెస్టుకి ఒక ల్యాబ్‌లో తొమ్మిది వేలు అడిగారు. చేయించుకోనా?

జవాబు: ఆ డబ్బు దాచుకోండమ్మా.

మీ మేనల్లుడు చదివింది కట్టుకథ కాదు. నేను గోదావరి లంకలో పుట్టినవాణ్ణి. మా రేవులో పడవకు తాడు కట్టడానికి గుంజ, మనం దిగడానికి బల్ల, రెండూ ఉండాలి. హెచ్‌ఐవీకీ అంతే. రోగనిరోధక కణం మీద సీడీ4 అనేది గుంజ, సీసీఆర్5 అనేది బల్ల. మీ మేనల్లుడు చెప్పిన రిసెప్టర్ ఈ బల్లే. కొందరికి పుట్టుకతోనే ఆ బల్లను తయారుచేసే జీన్‌లో 32 అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ అలాంటి జీనే వస్తే బల్ల ఉండదు, పడవ వచ్చినా దిగేదారి లేదు. 1996లో బయటపడిన సంగతిది. ఉత్తర యూరప్‌లో సుమారు నూటికి ఒకరు అలా ఉంటారు. మనవాళ్లలో తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి అలాంటి జీన్ వచ్చినవాళ్లే బహు అరుదు. పైగా కొన్ని హెచ్‌ఐవీలు సీఎక్స్‌సీఆర్4 అనే ఇంకో బల్ల మీద దిగుతాయి, కాబట్టి ‘ఇక రాదు’ అన్న మాట ఎటూ నిలవదు.

బెర్లిన్‌లో హెచ్‌ఐవీ ఉన్న తిమోతీ రే బ్రౌన్ అనే ఆయనకి 2007లో ఆ బల్ల లేని దాత మూలకణాలు ఎక్కిస్తే హెచ్‌ఐవీ పోయింది, నిజమే. కానీ అది ఆయన బ్లడ్ క్యాన్సర్‌కి చేసిన ప్రమాదకరమైన చికిత్స.

మీకు సోకకపోవడానికి నాకు తోచే కారణం మీవారి మాత్ర. రోజూ వేసుకుని, పరీక్షకు అందనంతగా వైరస్ తగ్గి, అలాగే ఉంటే, కలయిక వల్ల భార్యకు అంటదు. మందులు మొదలుపెట్టక ముందు సంగతంటారా? ప్రతి కలయికకూ అంటుకునే జబ్బు కాదిది, మీ అదృష్టం.

మీవారి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో, ఆఖరిసారి ఎప్పుడు చూశారో మీరు రాయలేదు. ముందు అది కనుక్కోండి. హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రంలో ఆ పరీక్ష ఉచితమే. గోదావరికి వరదొచ్చి పంటు ఆగిపోతే మాత్రలు తెగిపోయినవాళ్లని చాలామందిని చూశాను, ఆషాఢంలోనే నాలుగు రోజులు ఎక్కువ అడిగి తెచ్చుకోమనండి. మీ పరీక్షలు మాత్రం మానకండి.