మోత పోలేదు, డబ్బు పోయింది: షెడ్డు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది సూర్యాపేట. ఎనిమిదేళ్ల పాత ఏడు సీట్ల బండి ఉంది, ఇంజన్ బలం వెనక చక్రాలకి వెళ్లే రకం. ఆర్నెల్ల కిందట స్పీడు అరవై దాటితే వెనక నుంచి హూమని మోత మొదలైంది. షెడ్డులో చూపిస్తే రెండు వైపులా చక్రం నునుపుగా తిరగడానికుండే హబ్ బేరింగులు పోయాయని మార్చి 9,500 తీసుకున్నారు. వారం తిరక్కుండా మళ్లీ అదే మోత. ఈసారి వెనక యాక్సిల్ మధ్యలో గేర్లుండే డబ్బా, అదే హౌసింగ్, విప్పి, ఇంజన్ బలాన్ని చక్రాలకి మళ్లించే పళ్ల చక్రాల జోడీ క్రౌన్ పినియన్ అరిగిందని కొత్త సెట్టు వేసి 41,000 అన్నారు. 27,000 ఇచ్చాను, మిగతాది నెలాఖరుకి ఇవ్వమని బండి ఇచ్చేశారు. 800 కిలోమీటర్లు తిరిగేసరికి మోత తిరిగొచ్చింది. పైగా ఎడమ వెనక చక్రంలో ఆయిల్ కారి బ్రేక్ షూలు తడిశాయి. చూపిద్దామని తీసుకెళ్తే, మిగతా 14,000 కడితేనే తాళం ఇస్తామంటున్నారు. పాత సామాను పడేశారట. నా దగ్గరున్నవి తెల్లకాగితం మీద రాసిన ఎస్టిమేటు, ఫోన్‌పే రసీదులు, వాట్సాప్ మెసేజీలు. బండి సొంతానికే, అప్పుడప్పుడు పెళ్లిళ్లకి కిరాయికి పంపుతుంటాను. కేసు వేస్తే నిలబడుతుందా?

జవాబు: నిలబడుతుంది, కానీ మీరు అనుకుంటున్న కారణం మీద కాదు. ‘రిపేరు చేసినా మోత పోలేదు’ అన్నది ఒక్కటే సేవాలోపం కాదు. డాక్టరు మందిచ్చినా జ్వరం తగ్గకపోతే దాన్ని తప్పు వైద్యం అనం కదా. చేయాల్సిన పరీక్ష చేయకుండానే సామాను మార్చారా అన్నది వినియోగదారుల కమిషన్ చూసే ప్రశ్న. అందుకే మీ కేసుకి ప్రాణం వెనక యాక్సిల్‌లోనే ఉంది. తాళం చేతికి రాగానే కోపంతో ఇంకో షెడ్డులో విప్పించేశారా, సాక్ష్యం మీ చేతులతో మీరే చెరిపేసినట్టు.

ఆ పరీక్షలు ఏమిటో నేను మెకానిక్కుల్ని అడిగి అడిగి నేర్చుకున్నాను. ఇలాంటి కేసుల్లో వకీలుకి చట్టం ఎంత తెలియాలో హౌసింగ్ గురించీ అంత తెలియాలి. బండి నడుస్తుండగా స్టీరింగ్ కొంచెం ఎడమకీ కుడికీ తిప్పితే మోత మారిందంటే అనుమానం హబ్ బేరింగు మీదకి పోతుంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒక స్వరం, వదిలితే ఇంకో స్వరం వినిపిస్తే పినియన్ వైపు చూడాలి. జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ‘ప్లే’, అంటే వదులు, తెలుస్తుంది. ఆయిల్ డ్రెయిన్ చేస్తే ఇనుప రజను పడిందా లేదా కనపడుతుంది. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. మొదటిసారి ఇవి చేశారా అని నోటీసులో సూటిగా అడగండి.

రెండో రిపేరు ఇంకా ముఖ్యం. క్రౌన్, పినియన్ జోడీగా వచ్చే సామాను. బిగించేటప్పుడు వాటి మధ్య సందు డయల్ గేజితో కొలవాలి, పళ్లకి రంగు పూసి అచ్చు ఎక్కడ పడుతుందో చూడాలి. అలా చూడకుండా అందాజుగా బిగిస్తే కొత్త సెట్టూ మోత మోగుతుంది. ఇక ఆయిల్ కారడం: బేరింగు అరిగి షాఫ్ట్ మీద గాడి పడి ఉంటే ఆయిల్‌ని ఆపే సీలు కొత్తది వేసినా ఆగదు. కొన్నిసార్లు హౌసింగ్ మీద గాలి పోయే చిన్న బ్రీదర్ మట్టితో మూసుకుపోయినా లోపలి ఒత్తిడికి సీలు దాటి ఆయిల్ బయటికొస్తుంది. కడిగితే పోయే జబ్బు అది. దానికి వేల రూపాయలు తీసుకుని ఉంటే కమిషన్ ముందు అంతకంటే మంచి వాదన మీకు దొరకదు.

బండి ఆపడం సంగతి. కాంట్రాక్టు చట్టం 1872లోని 170వ సెక్షన్ ప్రకారం, తన చేతి పనితనం పెట్టి వస్తువు బాగు చేసినవాడు తన కూలి అందేదాకా దాన్ని అట్టిపెట్టుకోవచ్చు. చట్టంలోనే ఉదాహరణ ఉంది: వజ్రం సానబెట్టినవాడు డబ్బు వచ్చేదాకా వజ్రం ఇవ్వక్కర్లేదు. దాని కిందే ఇంకోటి: కోటు కుట్టగానే ఇస్తాను, డబ్బుకి మూడు నెలలు గడువిస్తాను అన్న దర్జీ, కోటు ఆపుకోవడానికి వీల్లేదు. మీ షెడ్డు ఆ దర్జీ లాంటిదే. నెలాఖరు గడువిచ్చి బండి ఒకసారి అప్పగించేసింది. కొత్తగా ఏ పనీ చేయకుండా, మళ్లీ చూపించడానికి వచ్చిన బండిని పాత బాకీకి పట్టుకోవడం చెల్లదు. విడిపించమని కమిషన్‌ని మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. కానీ నన్నడిగితే, 14,000 బ్యాంకు ద్వారా కట్టేసి, ‘అభ్యంతరంతో కడుతున్నాను, తిరిగి రాబట్టుకుంటాను’ అని అదే రోజు మెసేజి పెట్టి బండి తెచ్చుకోండి. నడిపి కాదు సుమా, బ్రేకు మీద ఆయిల్ ఉంది. టోయింగ్‌లో తెప్పించండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఇబ్బంది పెట్టిన వాక్యం, కిరాయిది. వాణిజ్య అవసరానికి సేవ తీసుకున్నవాడు 2019 వినియోగదారుల చట్టం కింద వినియోగదారుడు కాడు. స్వయం ఉపాధితో బతుకుదెరువుకి వాడుకుంటే మినహాయింపు ఉంది గానీ, మీరు బండి సొంతానికే అంటున్నారు. నెంబరు ప్లేటు తెల్లదైతే కిరాయికి పంపడమే మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ ఉల్లంఘన. ఎదుటి వకీలు దీన్ని వదలడు. అలాగని అఫిడవిట్‌లో అబద్ధం రాయొద్దు. ప్రధాన వాడకం కుటుంబానికే అని చూపించే ఆధారాలు సమకూర్చుకోండి, కిరాయి ఈరోజుతో ఆపేయండి.

పని ఇలా సాగించండి. ముందు నోటీసు, స్పీడ్ పోస్టులో. ‘ఫలానా తేదీ ఉదయం పదింటికి ఫలానా షెడ్డులో హౌసింగ్ విప్పిస్తున్నాను, మీ మనిషిని పంపండి’ అని కనీసం పదిహేను రోజుల వ్యవధితో రాయండి. ఆ రోజు లైసెన్సున్న మోటారు సర్వేయర్నో, ఆటోమొబైల్ ఇంజనీర్నో పిలిచి, విప్పడం మొదలైన దగ్గర్నుంచి వీడియో తీయించి, రిపోర్టు రాయించండి. పిలిచినా రాకపోతే అది వాళ్ల ఖాతాలో పడుతుంది. వాట్సాప్ మెసేజీలు ఎలక్ట్రానిక్ సాక్ష్యంగా చెల్లడానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయండి. బిల్లు ఇవ్వకపోవడం ఆ 2019 చట్టం ప్రకారమే అనుచిత వ్యాపార పద్ధతి, అదీ ఫిర్యాదులో ఉండాలి. మీ బండిలోంచి తీసిన పాత సామాను మీ ఆస్తి. అడగకుండా పడేశామన్న జవాబు వాళ్లకే ఎదురు తిరుగుతుంది.

మీరు ఉండే ఊరు ఏ జిల్లా కమిషన్ పరిధిలో ఉంటే అక్కడే ఫిర్యాదు వేయొచ్చు, షెడ్డు ఎక్కడున్నా సరే. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు గనక ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల గడువు. రెండో రిపేరు సొమ్ము, టోయింగ్, సర్వేయరు ఫీజు, మనోవేదనకి కొంత అడగండి. మొదటి 9,500 మీద నాకు అంత ఆశ లేదు. ఎనిమిదేళ్ల బండిలో బేరింగులు నిజంగానే పోయి ఉండొచ్చు, దాన్ని పట్టుకుని లాగితే గట్టి వాదన కూడా పలచబడుతుంది.

ఇంకొకటి. హౌసింగ్ విప్పే రోజు డ్రెయిన్ చేసిన ఆయిల్‌ని పారబోయనివ్వకండి. రెండు సీసాల్లో పట్టి, సర్వేయర్ చేత సీలు వేయించి, తేదీ రాయించి, ఒకటి మీ బీరువాలో పెట్టుకోండి.