వాన చప్పుడుకే గుండె దడ: తప్పు నవలలదేనా?

ప్రశ్న: నా వయసు 26. ఉప్పల్‌లో ఉంటాము. వాతావరణ మార్పులతో నగరాలు నాశనమయ్యే డిస్టోపియన్ నవలలను ఏడాదిగా రాత్రిళ్లు చదువుతున్నాను. ఈ మధ్య వాన మొదలైతే చాలు, గుండె దడ వస్తోంది, నిద్ర పట్టడం లేదు. పుస్తకాలు మానేయమని అమ్మ అంటోంది. 2020 అక్టోబరులో మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. ఇది జబ్బేనా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

సలహా: వరద గురించి మీరు చివర్లో ఒక్క వాక్యమే రాశారు గానీ, నా దృష్టి ముందు దానిమీదే పడింది. మీకు దడ వస్తున్నది వాన మొదలైనప్పుడు. నీళ్లు ఇంట్లోకి రావడం ఒకసారి అనుభవించిన శరీరం, చినుకుల చప్పుడు వినగానే అడ్రినలిన్‌ను విడుదల చేసి గుండె వేగాన్ని పెంచడంలో వింత లేదు. ఆ పాత భయానికి నవలలు రోజూ రాత్రి ఆజ్యం పోస్తున్నాయి.

వాతావరణ మార్పుల గురించి కలిగే ఆందోళనకు రోగ నిర్ధారణ గ్రంథాల్లో ప్రత్యేక జబ్బుగా స్థానం లేదు. భారత్ సహా 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 10,000 మందిని ప్రశ్నించి 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 59 శాతం మంది ఈ విషయమై తీవ్రంగా కలత చెందుతున్నామని చెప్పారు.

ఇటువంటి నవలల్లో రచయితలు దశాబ్దాలపాటు అక్కడక్కడా జరిగే మార్పులను ఒకే ఊరిమీద, కొద్ది రోజుల్లోనే కుప్పపోసి చూపిస్తారు. కథకు అది బలమే గానీ, అర్ధరాత్రి ఒంటరిగా చదివే మనసు దాన్ని రేపటి వాతావరణ సూచనగా తీసుకుంటుంది. పైగా చాలా కథలు విపత్తు దగ్గరే ఆగిపోతాయి. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తిన మన నగరం కథను అక్కడే ఆపేస్తే, ఆ వరద కారణంగానే తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు అందులో కనిపించవు. అవి ఉన్నా మా ఇంట్లోకి నీళ్లు వచ్చాయి కదా అని మీరు అడగవచ్చు. అందుకే మీ భయాన్ని వట్టి ఊహ అని కొట్టిపారేయడం లేదు.

మీ అమ్మగారి మాటలో సగం పాటించండి: చదవడం మానక్కర్లేదు, పగటిపూటకు మార్చుకోండి. సర్టిఫికెట్లు, మందులు అటకమీదకు చేర్చడం, నీళ్లొస్తే ఎవరింటికి వెళ్లాలో ముందే తేల్చుకోవడం వంటి పనులు వానాకాలానికి ముందే అమ్మగారితో కలిసి పూర్తి చేయండి. దడకు థైరాయిడ్ సమస్య, రక్తహీనత కూడా కారణం కావచ్చు కాబట్టి ఆ రక్తపరీక్షలు, ఒక ఈసీజీ చేయించుకోండి. వరద పీడకలలు వస్తున్నా, వాన పడితే గడప దాటలేకపోతున్నా సైకాలజిస్టును కలవండి. అటువంటి భయానికి మాటల ద్వారా చేసే చికిత్స బాగా పనిచేస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్రలు మాత్రం తెచ్చుకోకండి. వాటికి అలవాటుపడితే మానేటప్పుడు ఇదే దడ మరింత ఎక్కువగా వస్తుంది.