మిత్రుల డబ్బుతో బోర్డో యాత్ర: నష్టానికి బాధ్యులెవరు?

ప్రశ్న: మేము ఆరుగురు చిన్ననాటి మిత్రులం. గత సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్షతోటల ప్రాంతానికి వెళ్లివచ్చాం. తలా 2 లక్షల 40 వేల రూపాయలు నా ఖాతాలో వేస్తే, మొత్తం 14 లక్షల 40 వేలు హైదరాబాదులోని ఒక ట్రావెల్ ఏజెన్సీకి నేనే కట్టాను. నాలుగు వైన్ ఎస్టేట్ల సందర్శన, టేస్టింగ్ ప్యాకేజీలోనే ఉన్నాయన్నారు. తీరా వెళ్తే, సెంటెమిలియాన్‌లో ఒకచోట, మెడాక్‌లో మరోచోట జాబితాలో మా పేర్లు లేవంటూ గేటు దగ్గరే ఆపేశారు. తప్పు అక్కడి కంపెనీదని ఏజెన్సీ తప్పించుకుంటోంది. ఇద్దరు మిత్రులు ఆ డబ్బు నన్నే ఇమ్మంటున్నారు. అద్దె కారు నడిపిన మిత్రుడు, మద్యం తాగి నడిపినందుకు తనకు పడిన 135 యూరోల జరిమానాను అందరం పంచుకోవాలంటున్నాడు. అందరూ కొన్న 12 సీసాలను వాళ్లు అడిగితే నా పెట్టెలో తెచ్చి, కస్టమ్స్ సుంకం నేనే కట్టాను. నా బాధ్యత ఎంతవరకు? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు మిత్రులకు యాత్రను అమ్మలేదు, వారి తరఫున వారి డబ్బు తీసుకెళ్లి ఏజెన్సీకి కట్టారు. భారత కాంట్రాక్టు చట్టం, 1872 దృష్టిలో మీరు వారి ప్రతినిధి. ప్రతిఫలం తీసుకోకుండా చేసిన సాయం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 నిర్వచనంలోని 'సేవ' కిందికి రాదు కనుక, ఆ చట్టం కింద మీ మిత్రులు మీపై ఫిర్యాదు చేయడానికి వీల్లేదు. సందర్శనలు జరగకపోవడం ఏజెన్సీ సేవాలోపమే తప్ప మీ లోపం కాదు.

అయితే ప్రతినిధికి ఒక గట్టి బాధ్యత ఉంది: అడిగినప్పుడు సరైన లెక్క చూపాలి. ఆ మాట కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ చెబుతోంది. ఇక్కడ రెండు విషయాలను జాగ్రత్తగా చూసుకోండి. బృందాన్ని తెచ్చినందుకు ఏజెన్సీ మీకు రాయితీ గానీ ఉచిత టికెట్ గానీ ఇచ్చి, ఆ సంగతి మిత్రులకు తెలియకపోతే, ఆ లాభం మీది కాదు, ఆరుగురిది. వాళ్లు అడగకముందే చెప్పి పంచండి. రెండోది, విదేశీ టూర్ ప్యాకేజీపై ఏజెన్సీ వసూలు చేసే టీసీఎస్ (అమ్మే దగ్గరే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను), డబ్బు కట్టినవారి పాన్ మీద నమోదవుతుంది. మొత్తం మీ చేతుల మీదుగా కట్టారు కాబట్టి అది మీ పన్ను వివరాల పత్రమైన ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తూ ఉండవచ్చు. ఆదాయపు పన్ను రిటర్నులో దాన్ని మీరు సర్దుబాటు చేసుకుంటే, అందులో ఆరింట అయిదు వంతులు మిత్రులవేనన్న సంగతి మరవకండి. డబ్బు వ్యవహారంలో స్నేహాలు చెడేది చాలావరకు ఇలాంటి చెప్పని లెక్కల వల్లనే.

ఇక ఏజెన్సీ సంగతి. డబ్బు తీసుకున్నదీ, రశీదు ఇచ్చిందీ, కార్యక్రమం రాసిచ్చిందీ వాళ్లే కనుక, ఫ్రాన్స్‌లో తాము పని అప్పగించిన సంస్థ విఫలమైందని చెప్పి తప్పుకోలేరు. బోర్డోలో చాలా ఎస్టేట్లు ముందస్తు అపాయింట్‌మెంట్ లేనిదే సందర్శకులను రానివ్వవు. పైగా సెప్టెంబరు, అక్టోబరు ద్రాక్షకోతల కాలం కావడంతో కొన్ని ఆ రోజుల్లో సందర్శనలు తగ్గిస్తాయి. ఆ నెలలోనే యాత్ర అమ్మిన సంస్థకు ఇది తెలిసి ఉండాల్సిన విషయం. బుకింగ్ పత్రంలో 'లభ్యతను బట్టి' అన్న మాట ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. ఉన్నంతమాత్రాన దావా పోదు. అసలు అపాయింట్‌మెంట్ కోరుతూ ఏ ఎస్టేటుకైనా మెయిల్ పంపారా, పంపితే ఆ ప్రతి ఇమ్మని లిఖితపూర్వకంగా అడగండి. ఆ ఒక్క కాగితం చూపలేకపోతే వాళ్ల వాదన నిలవదు.

మీరు నివసించే గుంటూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. హైదరాబాదు కోర్టులకే అధికార పరిధి ఉంటుందన్న షరతు దీనికి అడ్డురాదు. ఒకే తరహా నష్టం పొందిన కొద్దిమంది వినియోగదారులు కలిసి ఉమ్మడి ఫిర్యాదు వేయవచ్చని సుప్రీంకోర్టు 2021లో బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో స్పష్టం చేసింది. ఆరుగురూ కలిసి ఏజెన్సీకి కట్టిన 14 లక్షల 40 వేలపై వేస్తే రుసుము 400 రూపాయలు. వాట్సాప్ సంభాషణల ప్రింట్లు జతచేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కూడా పెట్టండి. మొత్తం సొమ్ము కోరకుండా, జరగని సందర్శనల విలువ, అందుకు తగిన పరిహారం, ఖర్చులు కోరడమే సబబు; నాలుగింటిలో రెండు చూసి వచ్చి మొత్తం తిరిగి ఇమ్మంటే కమిషన్ ముందు మీ మాట పలచబడుతుంది.

జరిమానా విషయంలో కారు నడిపిన మిత్రుడి కోరికకు చట్టం మద్దతు లేదు. కాంట్రాక్టు చట్టం 222వ సెక్షన్ కింద ప్రతినిధికి భర్తీ దక్కేది చట్టబద్ధంగా చేసిన పనులకే. ఫ్రాన్స్‌లో పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాలు. మన మోటారు వాహనాల చట్టంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు 0.3 గ్రాములు. మనకన్నా సడలింపు ఉన్న చోట కూడా గీత దాటారంటే, ఆ భారం ఆయనదే. ఇష్టపూర్వకంగా పంచుకుంటే మాత్రం ఎవరూ కాదనరు.

సుంకం వేరు. ఒక్కో ప్రయాణికుడికి సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం అనుమతిస్తారు. ఒక మిత్రుడి వాటాను మరొకరి వాటాతో కలపనివ్వరు. సాధారణ సీసా 750 మిల్లీలీటర్లు కనుక, తలా రెండు సీసాలు విడిగా తెచ్చుకుంటే అసలు సుంకమే పడేది కాదు. మీ ఒక్కరి పెట్టెలో 9 లీటర్లు ఉండటంతో 7 లీటర్లపై సుంకం పడింది. విమానాశ్రయంలో సుంకం పడే వస్తువులున్నవారు వెళ్లే రెడ్ చానెల్‌లో ప్రకటించి కట్టిన సుంకమైతే, వాళ్ల కోరిక మీదే తెచ్చారు కాబట్టి వాళ్ల వాటా అడిగే హక్కు మీకుంది. ప్రకటించకుండా వస్తూ పట్టుబడి కట్టిన పెనాల్టీ అయితే అది మీదే.

ముందుగా రశీదులు, టీసీఎస్, సుంకం అన్నీ ఒక కాగితం మీద రాసి అయిదుగురికీ పంపండి. ఆ తర్వాతే ఆరుగురి పేర్లతో ఏజెన్సీకి లీగల్ నోటీసు ఇవ్వండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. గేటు దగ్గర ఆపిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి.