వరద వస్తుందని తెలిసీ లంకల్లో ఎందుకుంటారు?

"ఏటా గోదావరి ముంచుతుందని తెలిసీ లంక ఊళ్ళవాళ్ళు అక్కడే ఎందుకుంటారు? మళ్ళీ ఎలా కోలుకుంటారు?" అని అడిగారు. మాది కోనసీమలో గోదావరి వశిష్ఠ పాయ మధ్యనున్న ఓ లంక, అంటే ఏటి మధ్య దిబ్బ. ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక ఈ మాట చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

2022 జులైలో తొలి ఏకాదశికి ఇంటికెళ్ళి వరదలో ఇరుక్కుపోయాను. మా దగ్గర పెద్ద వరదంటే శ్రావణ, భాద్రపదాల్లోనే. భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు చేరిన 1986 వరద కూడా ఆగస్టులోదే. ఆషాఢంలో అంత నీరు మా మామ్మ కూడా ఎరగదు. భద్రాచలంలో 60 దాటిందని టీవీలో రాగానే ఊళ్ళో అందరూ లెక్కలు కట్టేశారు. ఆ నీరు ధవళేశ్వరం బ్యారేజీ దాటి మా దాకా రావడానికి రోజు పైనే పడుతుంది. ఆ గడువులోనే అన్నీ సర్దుకోవాలి.

ముందు పశువులు. పంటు (బల్లలు పరిచిన పెద్ద పడవ) మీద ఏటిగట్టుకు దాటించాలి. మా గేదెల్లో మూడు ఎక్కాయి గానీ, కొత్తగా ఈనినది మాత్రం బల్ల మీద కాలు పెట్టనంది. ఎంత అదిలించినా కదల్లేదు. బాబాయి దాని పెయ్యదూడను భుజాన వేసుకుని పంటు ఎక్కాడు. అంతే, అరుచుకుంటూ అదీ వెనకాలే ఎక్కేసింది.

మామ్మ వాకిట్లో నీటి అంచున పుల్ల గుచ్చి, అరగంటకోసారి టార్చి వేసి చూసేది. రాత్రి పదింటికి గుచ్చిన పుల్ల పన్నెండయ్యేసరికి కనబడలేదు. "ఇంక అటకెక్కించండ్రా" అంది. బియ్యం, పట్టాదారు పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు, గ్యాస్ బండ అన్నీ పైకెక్కించాం. తెల్లారి పడవలో గట్టుకు చేరాం. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకే ఇస్తారు, ఆ ఏడు 21 దాటింది. 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలారు.

గట్టు మీద బరకాల కింద నాలుగు రోజులున్నాం. అన్నం పొట్లాలు, నీళ్ళ ప్యాకెట్లు వచ్చాయి, ఇచ్చినవాళ్ళందరికీ దండం. గడ్డి మోపు మాత్రం మూడో రోజు దాకా రాలేదు. అరటి బోదెలు నరికి వేశాం. పాడి మీద బతికే ఊళ్ళకు సాయం చేసేటప్పుడు మొదటి లారీలోనే గడ్డి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. పశువుంటే ఆ ఇల్లు నెల తిరక్కుండా లేస్తుంది. పశువు పోతే ఎన్ని బియ్యం బస్తాలిచ్చినా లేవదు.

ఇక కోలుకోవడం సంగతి. ఇంట్లో మోకాలి లోతు నీరుండగానే చీపుళ్ళు పట్టుకుని దిగాలి. వరద తీస్తున్నప్పుడే ఆ నీటితోనే ఒండ్రును బయటికి తోసెయ్యాలి. పూర్తిగా తీసేదాకా ఆగితే అది గట్టిపడిపోయి పార పెట్టి చెక్కాల్సి వస్తుంది. పాములుంటాయి కాబట్టి ముందు కర్రతో మూలలన్నీ తట్టాలి. ఇవేవీ మాకు ఎవరూ శిక్షణ ఇచ్చి నేర్పలేదు, మామ్మ వెనక తిరిగి నేర్చుకున్నాం. వారం తిరిగేసరికి ఊళ్ళో పొయ్యిలు వెలిగాయి. కొబ్బరి తట్టుకుంది. అరటి మాత్రం కుళ్ళిపోయింది.

ఆ అరటి తోట మాది కౌలుకు చేసింది. పరిహారం పట్టాదారు పుస్తకంలో పేరున్నవాళ్ళకే పడింది. పెట్టుబడి, అప్పు మావి, డబ్బు వేరేవాళ్ళ ఖాతాలోకి. ఊరు వదలమని సలహా ఇచ్చేవాళ్ళు ఒక్కసారైనా దీని గురించి అడిగితే బాగుండును.

లంక వదిలి ఎందుకు రామంటే, ఆ ఒండ్రు నేలలో పండినట్టు కూరగాయలు, కంద, అరటి ఇంకెక్కడా పండవు. నీళ్ళతో ఇబ్బంది ఏడాదికి కొన్ని వారాలు, మిగతా నెలలన్నీ ఆ నేలే మాకు తిండి పెడుతుంది. వరదకు మేం భయపడం. మమ్మల్ని నిజంగా ఖాళీ చేయిస్తున్నది ఏటి కోత. వరద వచ్చి పోతుంది, కోతకు పోయిన నేల మళ్ళీ రాదు. ఒడ్డుకు రాతికట్టు వెయ్యమని మా ఊరు అడగని రోజు లేదు. నా చిన్నప్పుడు మా ఇంటికీ ఏటికీ మధ్య ఏడు వరుసల కొబ్బరి ఉండేది. మొన్న సంక్రాంతికి వెళ్తే మూడు వరుసలున్నాయి, మూడో వరుసలో రెండు చెట్లు నీళ్ళ మీదికి ఒరిగి ఉన్నాయి.