త్రీడీ ముద్రణ లోహం: సగటు రేణువుతో లెక్క ఎందుకు కుదరదు?

ప్రశ్న: లేజర్ త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను పొరలు పేర్చిన దిశలో నిలువుగా లాగితే, అడ్డంగా లాగినప్పటి కన్నా తక్కువ ఒత్తిడికే సాగిపోతోంది. రేణువుల (లోహంలోని చిన్న స్ఫటికాల) సగటు పరిమాణాన్ని, దాన్నిబట్టి బలాన్ని లెక్కగట్టే హాల్-పెచ్ సూత్రంలో వేస్తే మాత్రం రెండింటికీ ఒకే జవాబు వస్తోంది. పొరపాటు ఎక్కడ ఉంది?

జవాబు: మీ లెక్కలో పొరపాటు లేదు, చిక్కంతా ‘సగటు’ దగ్గరే ఉంది. 1951లో హాల్, 1953లో పెచ్ చూపిన సంబంధం ప్రకారం, రేణువు వ్యాసం నాలుగో వంతుకు తగ్గితే రేణువుల మధ్య సరిహద్దుల వల్ల కలిగే బలం రెట్టింపవుతుంది. అయితే ఆ సూత్రానికి రేణువు పొడవు, వెడల్పుల తేడా గానీ, అందులోని స్ఫటికం ఎటు తిరిగి ఉందన్న సంగతి గానీ తెలియదు.

లేజర్ కొత్త పొరను కరిగించేటప్పుడు కింది పొర పైభాగం కూడా మళ్లీ కరుగుతుంది. గట్టిపడే లోహం కింది స్ఫటికపు అమరికనే అందిపుచ్చుకొని పెరగడం వల్ల, ఒకే రేణువు పలు పొరలను దాటుకుంటూ స్తంభంలా నిలబడుతుంది. ఈ ఉక్కులో స్ఫటిక ఘనపు అంచు దిశలో పెరుగుదల వేగంగా ఉంటుంది కనుక చాలా స్తంభాలలో ఆ అంచు నిలువు వైపు మొగ్గుతుంది, కాకపోతే లేజర్ నడిచే బాటను మారిస్తే ఈ మొగ్గు కూడా మారుతుంది. స్ఫటికాలు చెల్లాచెదురుగా ఉన్నప్పుడు టేలర్ గుణకం (స్ఫటికాల దిశలను బట్టి లోహం సాగడానికి ఎంత ఒత్తిడి కావాలో చెప్పే సంఖ్య) సుమారు 3.06 ఉంటుంది, అన్నింటి ఘనపు అంచులూ లాగే దిశలోనే ఉంటే 2.45కు దిగుతుంది. అంటే సరిహద్దుల్లో ఏ మార్పూ లేకపోయినా, బలం ఐదో వంతు తగ్గుతుంది. మీ ముక్కలో అమరిక ఇంత పరిపూర్ణంగా ఉండదు గానీ, తేడా ఏ వైపు ఉండాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకొకటి, ఒక్కొక్క రేణువు లోపల మైక్రోమీటరు, అంతకన్నా చిన్న గదులుంటాయి. వాటి గోడలు స్ఫటికంలో గీతల్లా సాగే లోపాలైన, చిక్కుపడిన డిస్‌లొకేషన్లతో నిండి ఉంటాయి. ముద్రించిన 316ఎల్ బలంలో వీటి వాటా పెద్దది. రేణువులను మాత్రమే లెక్కించే నమూనా ఆ బలాన్ని తక్కువగా అంచనా వేస్తుంది.

కాబట్టి ఒక్కొక్క స్ఫటికం ఎలా సాగుతుందో విడిగా లెక్కగట్టే క్రిస్టల్ ప్లాస్టిసిటీ నమూనాకు మారండి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో తీసిన స్ఫటిక దిశల పటం నుంచి ప్రతి రేణువుకూ దాని ఆకారాన్ని, దిశను ఇచ్చి, 12 జారుడు వ్యవస్థల (స్ఫటికం ఏ తలం మీద, ఏ దిశలో జారగలదో చెప్పే జతల) తొలి నిరోధంలో గదుల గోడల వాటాను కలపండి. పటం ఒక్క కోత నుంచే తీస్తే మోసపోతారు: అడ్డంగా కోసిన స్తంభం గుండ్రని రేణువులాగే కనిపిస్తుంది. స్థిరాంకాలను అడ్డంగా లాగిన పరీక్షతో సరిచేసి, నిలువు ఫలితాన్ని ముందుగా లెక్కగట్టి చూడండి; రెండు పరీక్షలకూ కలిపి సరిచేసిన నమూనాను నేనైతే నమ్మను. దీనికంతటికీ ముందు, పొరల మధ్య సరిగా కరగని ఖాళీలు లేవని తేల్చుకోండి. అవి ఉంటే నిలువు పరీక్షలో ముక్క త్వరగా తెగుతుంది, ఆ నేరాన్ని మీరు రేణువుల మీద వేస్తారు.