నలభై దాటాక కొత్త పాటలు ఎందుకు ఎక్కవు?

పాటలే బాగుండటం లేదా, లేక వయసు మీద పడి నేనే మారిపోయానా అని మీరు అడిగారు. నాకు యాభై దాటాయి. నా అనుభవంలో మారింది రెండే: పాటకు మనం ఇచ్చే సమయం, మన చెవి.

కాలేజీ రోజుల్లో ఒక క్యాసెట్ కొంటే నెలల తరబడి అదే మోగేది. మొదట చప్పగా అనిపించిన పాట కూడా వినగా వినగా నోట్లో ఆడేది. పదే పదే ఎదురైన వాటిమీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జయోన్స్ 1968లోనే రాశారు. ఇప్పుడు పల్లవి పూర్తికాకుండానే వేలు తర్వాతి పాట మీదకు పోతోంది, ఇక ఇష్టం ఎక్కడ పుడుతుంది?

కుర్ర వయసులో విన్న పాటలకుండే బలం కూడా ఉంది, కాదనను. 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ చేసిన అధ్యయనంలో, తమకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లప్పుడు వచ్చిన పాటలే జనానికి ఎక్కువగా నచ్చాయని తేలింది.

చెవి సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు. వినికిడి పరీక్ష చేయించుకున్నప్పుడు నా ఆడియోగ్రామ్, అంటే ఏ శబ్దం ఎంత బాగా వినిపిస్తుందో చూపే గ్రాఫ్, చూశాను. గ్రాఫ్‌లో ఎడమవైపున, బొంగురు శబ్దాల దగ్గర, దాదాపు తిన్నగా వచ్చిన గీత కీచు శబ్దాలుండే 4000 హెర్ట్జ్ దగ్గర కిందికి జారిపోయింది, అంటే అక్కడ వినికిడి తగ్గింది. వయసుతో ముందుగా తగ్గేది ఇలా కీచు శబ్దాల వినికిడే. స, ష, ఫ లాంటి హల్లుల స్పష్టత చాలావరకు అక్కడే ఉంటుంది. అందుకే డ్రమ్స్ దట్టంగా ఉన్న కొత్త పాటలో మాటలు ముద్దముద్దగా వినిపిస్తాయి. పాత పాటకు ఆ ఇబ్బంది లేదు. సాహిత్యం కంఠతా వచ్చు కాబట్టి చెవికి అందని అక్షరాన్ని జ్ఞాపకం పూరిస్తుంది. పాత పాటల్లో మాటలు స్పష్టంగా ఉంటాయని మనం మురిసిపోవడంలో సగం దీనివల్లేనని నా గట్టి నమ్మకం.

మా అమ్మాయి ఒక ర్యాప్ పాట పంపితే మొదట ఒక్క ముక్క అర్థం కాలేదు. సాహిత్యం వెతికి చదివి, వారం రోజులు నడకలో అదే విన్నాను. ఆ ప్రాసలు ఎంత బిగువుగా అల్లారో అప్పుడు తెలిసింది, ఇప్పుడది నాకు ప్రాణం. అన్నీ అలా ఎక్కవు, కొన్ని ఎంత విన్నా నచ్చలేదు, వదిలేశాను.

మీరూ ముందు సాహిత్యం చదివి వినండి. అప్పటికీ మాటలు అందకపోతే వాల్యూమ్ పెంచకండి, డ్రమ్స్ కూడా పెరిగి చెవికి ఇంకా భారమవుతుంది. ఒకసారి వినికిడి పరీక్ష చేయించుకోండి.